తొమ్మిదో తరగతి అమ్మాయి ఖోఖో ఆడుతోంది, పదో తరగతి కోసం మాన్పించాలా?

మీ అమ్మాయి జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతోందని, ఖోఖోలో జిల్లా పోటీల దాకా వెళ్ళొచ్చిందని, వచ్చే ఏడాది పది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు ఆట మాన్పించమంటున్నారని రాశారు. నేను అలాంటి హైస్కూల్లోనే ఖోఖో ఆడాను. తర్వాత వ్యాయామ విద్యలో బీపీఈడీ చేసి ఇప్పుడు ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీగా, అంటే వ్యాయామ టీచరుగా పని చేస్తున్నాను. మాన్పించకండి అనే చెబుతాను. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు ఏ నెలలో ఏం జరుగుతుందో చూడండి. స్కూల్ గేమ్స్‌లో మండల స్థాయి పోటీలు మామూలుగా ఆగస్టు, సెప్టెంబరు ప్రాంతంలో మొదలవుతాయి. అక్కడ బాగా ఆడినవాళ్ళు జిల్లాకి, ఆ తర్వాత రాష్ట్ర స్థాయికి వెళ్తారు. అండర్-14, అండర్-17 అని వేర్వేరుగా పెడతారు. మీ అమ్మాయి పదిలో అండర్-17లో ఆడుతుంది. జాతీయ పోటీలకి ఎంపికైతే తప్ప డిసెంబరు వచ్చేసరికి సీజను దాదాపు అయిపోతుంది. పబ్లిక్ పరీక్షలు మార్చిలో. సంక్రాంతి తర్వాత ప్రీ ఫైనల్స్, స్పెషల్ క్లాసులతో పిల్లలే గ్రౌండ్‌కి రావడం తగ్గించేస్తారు, మనం చెప్పనక్కర్లేదు. కాబట్టి లెక్క వేస్తే ఆటకి పోయేది సాయంత్రం ఒక గంట, మధ్యలో పోటీల కోసం కొన్ని రోజులు. ఆ రోజుల్లో పోయిన పాఠాలు మాత్రం తోటి పిల్లల నోట్సు చూసి వెంటనే రాసుకోవాలి. లెక్కలు, సైన్సు టీచర్లకి ముందే చెప్పి వెళ్ళమనండి.

నేను పదిలో ఉన్నప్పుడు మా స్కూల్లో ఆడపిల్లలు గ్రౌండ్‌కి రావద్దని, ఆరింటి దాకా స్టడీ అవర్‌లో కూర్చోమని ఆర్డరు వేశారు. పొద్దుటి నుంచి బెంచీల మీదే ఉన్నాం. నాలుగున్నర దాటాక పుస్తకం తెరిచి పెట్టుకుని తూగడమే తప్ప చదివిందేమీ లేదు. మా అమ్మ వచ్చి హెడ్మాస్టరు గారితో మాట్లాడింది. "ఆడొచ్చాక ఇంట్లో నేను చదివించుకుంటానండీ, నన్ను నమ్మండి" అంది. ఆయన ఒప్పుకున్నారు. ఆడి, ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చుంటే నాకు సాంఘిక శాస్త్రం కూడా ఎక్కేది! ఇప్పుడు మా పిల్లల్లోనూ అదే చూస్తున్నాను.

ఖోఖో గురించి ఒక్క మాట, మీరు ఎప్పుడైనా పక్కన నిలబడి చూశారో లేదో. ఎనిమిది మంది వరుసగా, ఒకరు ఇటు ఒకరు అటు మొహం పెట్టి గళ్ళలో కూర్చుంటారు, తొమ్మిదో అమ్మాయి అవతలి జట్టు రన్నర్లని తరుముతుంది. తరిమే అమ్మాయి మధ్య గీత దాటకూడదు, ఒకసారి ఒక వైపు పరుగు మొదలుపెడితే ఆ చివరున్న పోల్ దాకా వెనక్కి తిరగకూడదు. రన్నరు అవతలికి జారిపోతే కూర్చున్నవాళ్ళలో ఒకరికి ఖో ఇవ్వాలి. వెనక నుంచి వీపు మీద తట్టాలి, తడుతూనే "ఖో" అని గట్టిగా అనాలి. నోట్లో గొణిగితే కుదరదు, అంపైరు ఫౌల్ ఇస్తాడు. మా స్కూల్లో ఒక అమ్మాయి క్లాసులో హాజరు పిలిస్తే కూడా వినపడనట్టు పలికేది. మొదట్లో ఆ అమ్మాయి ఖో ఇస్తే కూర్చున్న పిల్లకి వినపడేది కాదు, రన్నరు తప్పించుకునేది. మిగతా పిల్లలు "గట్టిగా అనవే" అని వెంటపడ్డారు. దసరా సెలవులు దాటేసరికి ఆ అమ్మాయి ఖో అంటే స్టాఫ్ రూములోకి వినపడేది. సైన్సు మేడం వచ్చి, ఇప్పుడు క్లాసులో లేచి డౌట్లు అడుగుతోందని నాతో చెప్పారు. ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు అక్కర్లేదు.

నిజంగా పట్టించుకోవాల్సింది తిండి. పొద్దున టీ, బిస్కెట్లతో బడికి వచ్చి సాయంత్రం పరిగెత్తే పిల్లలు కళ్ళు తిరిగి కూలబడటం ప్రతి ఏడాదీ చూస్తాను. పొద్దున అన్నమో ఇడ్లీయో కడుపునిండా తిననివ్వండి. బడిలో గుడ్డు ఇచ్చిన రోజు వదలకుండా తినమనండి. వారానికోసారి బడిలో ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రని చాలామంది కిటికీలోంచి పారేస్తారు. భోజనం చేశాక వేసుకోవాలి, దాంతో పాటు టీ తాగకూడదు. అమ్మాయికి రక్తం తక్కువగా ఉందనిపిస్తే ఒకసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. నెలసరి రోజుల్లో ఆడాలా వద్దా అన్నది అమ్మాయికే వదిలేయండి. ఓపిక ఉంటే ఆడొచ్చు, తప్పేమీ లేదు. బయట ఊళ్ళో పోటీలకి పంపేటప్పుడు జట్టుతో మహిళా టీచరు వెళ్తున్నారా, రాత్రి బస ఎక్కడ అని అడగడం మీ హక్కు. మొహమాటపడకండి.

సర్టిఫికెట్ల విషయం కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. ఇంజనీరింగ్ సీట్లలో, ఉద్యోగాల్లో క్రీడల కోటా ఉంది. కానీ సీట్లు చాలా తక్కువ, జాతీయ, అంతర్జాతీయ స్థాయిలో ఆడినవాళ్ళకే ముందు దక్కుతాయి. జిల్లా సర్టిఫికెట్ చూసి ఆశలు పెంచుకోవద్దు. అలాగని బడి ఆటలోంచి పెద్ద ఆటగాళ్ళు రారనీ కాదు. హర్డిల్స్‌లో దేశానికి పేరు తెచ్చిన జ్యోతి యర్రాజిలో ఆ సత్తాని విశాఖ పోర్టు హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడే మొదట గుర్తించారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం గెలిచిన జీవంజి దీప్తి వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల, ఆమెదీ బడి గ్రౌండ్‌లో మొదలైన పరుగే. ఖోఖోకి 2025 జనవరిలో ఢిల్లీలో తొలిసారి ప్రపంచ కప్ జరిగితే ఆడ, మగ రెండు కప్పులూ మన దేశానికే వచ్చాయి. అప్పటి నుంచి మా ఊళ్ళో తల్లిదండ్రులు ఈ ఆటని కాస్త గౌరవంగా చూస్తున్నారు, నాకు అదే సంతోషం.

జూన్‌లో బడి తెరవగానే మీరే వెళ్ళి పీఈటీని కలవండి. ఆ ఏడాది పోటీలు ఎప్పుడెప్పుడు ఉండొచ్చో అడిగి రాసుకోండి. పనిలో పనిగా ఆధార్‌లో, బడి రికార్డులో అమ్మాయి పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తేడా ఉంటే వెంటనే ఆధార్ సెంటరుకి వెళ్ళి సరిచేయించండి, సెలెక్షన్ రోజు పొద్దున ఆ పని అవ్వదు.