జేబులో పల్లీలు

నల్లకుంట,
ఆదివారం మధ్యాహ్నం

బంగారూ,

వచ్చే సోమవారం నుంచి నువ్వు మళ్లీ ఉద్యోగానికి వెళ్తున్నావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాలుగేళ్లు ఇంట్లో ఉన్నాక మళ్లీ పిలిచి ఉద్యోగం ఇచ్చారంటే మాటలా! రాయదుర్గంలో ఆఫీసట, ఉప్పల్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా దిగొచ్చట. వినగానే మీ పెదనాన్నకి చెప్పి, దేవుడి దగ్గర దీపం పెట్టి, అడక్కపోయినా పక్కింటావిడకి కూడా చెప్పొచ్చాను.

ఆ తర్వాత మీ అమ్మ నువ్వు ఫ్రిజ్‌కి అంటించిన చార్టు ఫొటో పంపింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా పిల్లల టిఫిన్లు, రంగు పెన్నులతో, పక్కన బొమ్మలతో. ముచ్చటేసింది. కానీ శుక్రవారం గడిలో "పల్లీలు, పుట్నాలు, కిస్‌మిస్, డబ్బాలో. వ్యాన్‌లో తింటారు" అని రాశావు చూడు, అక్కడ నా గుండె జారింది. ఫోన్ చేస్తే కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటూ "సరే పెద్దమ్మా, సరే పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే కాగితం మీద రాస్తున్నా. కూర్చుని చదువు.

ముందు చిన్నవి చెప్పేస్తాను. యూనిఫాం, సాక్సులు, పుస్తకాల సంచి రాత్రే సర్దిపెట్టు. ఉప్మా రవ్వ ఆదివారం ఒకేసారి వేయించి సీసాలో పోసుకో. దోసెల పిండి బయట కొన్నా పాపమేం లేదు. ఇంట్లో రుబ్బితే మాత్రం డిసెంబరు, జనవరి చలికి పొంగదు, గోరువెచ్చటి నీళ్లలో పిండి గిన్నె దించి పాత దుప్పటి కప్పు. ఎండాకాలం ఐదారు గంటలు చాలు. రాత్రంతా బయట వదిలేశావో, పొద్దున్న పుల్లటి దోసె చూసి ఇద్దరూ మూతి తిప్పుతారు.

మంగళవారం పోహా అని రాశావు. అటుకులు అంటే ఏం పోయిందే? మందపాటివి కొనుక్కో, పలచటివి తడపగానే ముద్దయిపోతాయి. చిల్లుల గిన్నెలో పోసి నల్లా కింద ఒక్కసారి తడిపి పక్కన పెట్టు. నువ్వు ఉల్లిపాయ వేయించేలోపు వాటంతటవే మెత్తబడతాయి. చిన్నదానికి ఎండుమిరపకాయ తీసేసి పెట్టు.

బుధవారం దోసెలన్నావు కదా, అక్కడ కాస్త సరదా చెయ్యొచ్చు. ఖాళీ అయిన సాస్ సీసా కడిగి, అందులో పిండి పోసి పెనం మీద అక్షరాలు రాయి. మన అక్షరాలు గుండ్రంగా ఉంటాయేమో, దోసెకి భలే కుదురుతాయి. "ఇవాళ నీకు 'క' వచ్చింది, తలకట్టు ముందు తింటావా, చివర తింటావా?" అని అడుగు. తినను అనడం మర్చిపోతారు. తిరగేయకుండా మూతపెట్టి కాల్చాలి సుమా. పోయిన వేసవిలో మనవడు వచ్చినప్పుడు నేను తెలివి చూపించాను. 'ర' రాసి, అది ఎర్రబడ్డాక చుట్టూ పిండి పోసి, గొప్పగా తిరగేశాను. అద్దంలో చూసినట్టు అటు తిరిగి వచ్చింది. "నానమ్మకి తెలుగు రాదు" అని వాడు వీధంతా చాటాడు.

గురువారం రాగి జావ మంచిదే. పిండిని చల్లటి నీళ్లలో కలుపుకునే మరిగే నీళ్లలో పోయి, లేకపోతే ఉండలు కడుతుంది. పెద్దాడికి మజ్జిగ, ఉప్పు. చిన్నదానికి పాలు, బెల్లం. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుందని మీ పెదనాన్న ఎక్కడో చదివారు, అప్పట్నుంచి నా మోకాళ్ల పేరు చెప్పి రోజూ నాకే పోస్తున్నారు. నాకు విసుగొచ్చింది, పిల్లలకీ వస్తుంది. వారానికి రెండుసార్లకి మించి పెట్టకు.

ఇక ఆ శుక్రవారం.

1992 సంగతి. మీ అన్నయ్యకి అప్పుడు మూడున్నరేళ్లు. నాకు సైఫాబాద్‌లో ఆఫీసు, వాడిని దారిలో హిమాయత్‌నగర్‌లో పిల్లల్ని చూసుకునే ఒకావిడ దగ్గర దింపి వెళ్లేదాన్ని. మా వీధికి రోజు విడిచి రోజు నల్లా వచ్చేది. నల్లా వచ్చిన రోజు బిందెలు, బకెట్లు, గంగాళం నింపేసరికే ఏడున్నర. ఆ రోజు ఉప్మా చేశాను, వాడు ముట్టుకోలేదు. నోట్లో పెడితే బుగ్గన పెట్టుకుని కూర్చున్నాడు. టైమ్ అయిపోతోంది, ఒక్కటి వేశాను కూడా. తర్వాత జాలేసి, వేయించిన పల్లీలు గుప్పెడు తీసి వాడి నిక్కరు జేబులో పోశాను. ఆటోలో తింటాడులే అనుకున్నా. అప్పట్లో అది నాకు చాలా తెలివైన పనిలా అనిపించింది.

నారాయణగూడ దాటాక ఆటో గుంతలో పడి ఎగిరింది. వాడికి అది ఆటలా అనిపించి, నోట్లో పల్లీలతోనే పకపకా నవ్వాడు. ఆ నవ్వులోనే దగ్గు మొదలైంది. మొహం ఎర్రగా అయిపోయింది, కళ్లలో నీళ్లు. వీపు మీద తట్టాను. రెండు నిమిషాలకి దగ్గు ఆగింది. "ఇంకో పల్లీ" అని అడిగాడు కూడా. ఏమీ కాలేదనుకుని దింపేసి ఆఫీసుకి పోయాను.

సాయంత్రానికి వాడి ఊపిరిలో సన్నగా పిల్లనగ్రోవిలా చప్పుడు. మా అత్తగారు వాణ్ని ఒళ్లో వేసుకుని, "పొద్దున్న ఏం పెట్టావే?" అని అడిగారు. "ఉప్మా" అన్నాను. అబద్ధం ఎందుకాడానంటే, "ఉద్యోగం చేసే కోడలు పిల్లాడికి జేబులో పల్లీలు పోసి పంపింది" అనే మాట నా చెవిన పడుతుందని భయం. ఆవిడ నన్ను అంత మాట ఎప్పుడూ అనలేదు. నేనే ముందుగా ఊహించుకున్నాను.

జలుబన్నారు, దగ్గు మందు ఇచ్చారు. తగ్గలేదు. జ్వరం వచ్చింది, యాంటీబయాటిక్ ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. ఉబ్బసమేమో అన్నారు. పన్నెండో రోజు ఇంకో పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన కుడివైపు, ఎడమవైపు, మళ్లీ కుడివైపు స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. ఎక్స్‌రే తీయించారు. కుడి ఊపిరితిత్తి ఎడమదానికంటే ఉబ్బినట్టుందట. నా వైపు తిరిగి, "అమ్మా, దగ్గు మొదలవడానికి ముందు పల్లీలు, శనగలు లాంటివేమైనా తిన్నాడా?" అని అడిగారు. పక్కనే అత్తగారు నిలబడి ఉన్నారు. "లేదు సార్" అన్నాను.

బంగారూ, ఈ వయసులో కూడా ఆ రెండు మాటలు తలుచుకుంటే నాకు అన్నం సయించదు.

ఆ రాత్రి వాడు నిద్రలో ఎగపోస్తుంటే తట్టుకోలేక మీ పెదనాన్నని లేపి చెప్పాను. ఆయన ఒక్క మాట అనకుండా, తెల్లవారకముందే చొక్కా వేసుకున్నారు. డాక్టర్‌కి చెప్పగానే మత్తిచ్చి, గొట్టం లోపలికి పంపి తీశారు. సగం పల్లీ బద్ద. చిన్న స్టీలు గిన్నెలో పెట్టి చూపించారు. పల్లీ ఎక్స్‌రేలో కనపడదట, అందులోని నూనెకి లోపల వాచిపోతుందట. "మీరు చెబితేనే మాకు తెలుస్తుందమ్మా" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక మా అత్తగారు అన్నది ఇంతే. "ఉప్మా అని నాకెందుకు చెప్పావే? నేనేమన్నా పులినా, నిన్ను తినేస్తానా?" ఆ మర్నాటి నుంచి నాలుగున్నరకే లేచి బిందెలు తనే పట్టేవారు. నేను వాణ్ని పీట మీద కూర్చోబెట్టి తినిపించేదాన్ని.

మీ అన్నయ్య ఇప్పుడు నడుస్తూ, ఫోన్ మాట్లాడుతూ, గుప్పెళ్లకొద్దీ పల్లీలు నోట్లో వేసుకుంటాడు. నేను కేకలేస్తే నవ్వుతాడు. వాడి సంగతి వదిలెయ్.

నీ చిన్నదానికి మొన్నేగా మూడు నిండాయి. ఐదేళ్లు వచ్చేదాకా పల్లీలు, పుట్నాలు, బాదం, జీడిపప్పు గింజలుగా పెట్టకు. పొడి చేసి పెట్టు, చట్నీ చేసి పెట్టు. ద్రాక్ష నిలువునా నాలుగు ముక్కలు చెయ్యి. సీతాఫలాల రోజుల్లో గింజలన్నీ తీశాకే గిన్నె దాని ముందు పెట్టు. కదిలే బండిలో ఏమీ వద్దు, బిస్కెట్ కూడా వద్దు. వ్యాన్‌లో డ్రైవర్ రోడ్డు చూస్తాడా, నీ పిల్ల నోరు చూస్తాడా?

ఎప్పుడైనా పొలమారి గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వు, నోట్లో వేలు పెట్టి కెలకకు. గొంతు పెగలక, ఏడుపు రాక, ఊపిరి ఆడకపోతే వెంటనే ముందుకి వంచి రెండు భుజాల మధ్య మణికట్టు దగ్గరి అరచేతి భాగంతో ఐదుసార్లు గట్టిగా కొట్టాలి. రాకపోతే వెనక నుంచి పట్టుకుని, బొడ్డుకి పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. అది బయటపడేదాకా ఆ రెండూ మార్చి మార్చి చెయ్యాలి, పక్కనున్న వాళ్లు 108కి ఫోన్ చెయ్యాలి. అల్లుడుగారికి కూడా ఇది చదివి వినిపించు. ఊరికే దగ్గి ఆగిపోయినా, ఆ తర్వాత ఊపిరిలో చప్పుడు వస్తే తిన్నదేమిటో ఉన్నదున్నట్టు డాక్టర్‌కి చెప్పు. ఎవరు పక్కన ఉన్నా సరే.

అన్నట్టు, చార్టులో అల్లుడుగారి పేరు ఎక్కడా కనపడలేదే. దోసె తిప్పడం మగాళ్లకి రాదని ఎక్కడ రాసి ఉంది? నువ్వు జడలు వేసేటప్పుడు ఆయన్ని పిల్లల పక్కన కూర్చోమను. పది నిమిషాలు, ఫోన్ లేకుండా.

శుక్రవారానికి బదులు చెప్తాను. గురువారం రాత్రి చపాతీలు నాలుగు ఎక్కువ చెయ్యి. పొద్దున్న వాటిని తుంపి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, బెల్లం తురుము, కరిగిన నెయ్యి, రెండు చెంచాల పల్లీ పొడి వేసి ముద్దలు చుట్టమని పెద్దాడికి ఇవ్వు. సద్దుల బతుకమ్మకి చేసే మలీదే ఇది. వాడు చుట్టిన ముద్ద వాడు తినకుండా ఉండడు. వంకర ముద్దలన్నీ చెల్లెలికి తోస్తాడు, అది వేరే గొడవ.

ఒక్కోరోజు ఏం చేసినా తినరు. కొట్టకు. గ్లాసు పాలు తాగించి, అరటిపండు తినిపించి పంపించు. మధ్యాహ్నానికి వాళ్లే తింటారు. ఆ రోజు మెట్రోలో కూర్చుని ఏడవకుండా నాకు ఫోన్ చెయ్యి. నేను ఏడింటికే ఖాళీ, రాగి జావ తాగుతూ ఉంటా.

మీ పెదనాన్న వచ్చే ఆదివారం ఉప్పల్ వస్తున్నారు. ఆయన చేతికి గుంత పొంగనాల పెనం ఇచ్చి పంపుతున్నా, ఏడు గుంతలది. మా అత్తగారిది. ఆరింటిలో మామూలు పిండి పోసి, ఒక్కదాంట్లో మధ్యన బెల్లం పెట్టి కాల్చు, ఎవరికి వస్తే వాళ్లకి లాటరీ. సగానికి విరిచి, లోపల చల్లారాకే ఇవ్వు, బెల్లం పాకం నాలుక కాలుస్తుంది. చాలా రోజులుగా వాడలేదు, మొదటి వాయి అంటుకుంటుంది. పారేయకు, మీ పెదనాన్నకి పెట్టు, ఆయన ఏమీ అనరు.

మీ
పెద్దమ్మ