ఫత్వా ‘జారీ’ అవుతుందా?

సందేహం: ‘పార్టీ పెద్దలు ఫత్వా జారీ చేశారు’ అని పత్రికల్లో తరచూ చదువుతుంటాం. ఫత్వా అంటే ఆజ్ఞా, శిక్షా? తెలుగులో ఏమనాలి?

సమాధానం: ఫత్వా అంటే జవాబండీ. మతధర్మం విషయంలో ఎవరికో సందేహం వస్తుంది, పండితుణ్ణి అడుగుతారు. అడిగేవాడు ముస్తఫ్తీ, ఆ ప్రశ్న ఇస్తిఫ్తా, చెప్పేవాడు ముఫ్తీ. అన్నిటికీ ధాతువు ఒక్కటే. పడుచువాణ్ణి చెప్పే ‘ఫతా’ కూడా ఆ ఇంటిదే. సందిగ్ధంగా నీరసించి ఉన్న విషయానికి వివరణతో పడుచుబలం తేవడమే ఫత్వా అని అరబ్బీ నిఘంటువులు వ్యుత్పత్తి చెబుతాయి. నాకు భలే ఇష్టమైన వ్యుత్పత్తి ఇది.

ఖురాన్‌లోని యూసుఫ్ అధ్యాయం చూడండి. ఏడు బలిసిన ఆవుల్ని ఏడు బక్కావులు తినేస్తున్నట్టు రాజుకు కల వస్తుంది. సభలో పెద్దల్ని ఆ ధాతువుతోనే ‘అఫ్తూనీ’ అని అడుగుతాడు, ‘నా కల సంగతేమిటో చెప్పండి’ అని. ఇవి కలగాపులగం కలలు, వీటి అర్థం మాకు తెలియదంటారు వాళ్లు. అడిగేవాడు రాజు, చెప్పాల్సినవాళ్లు సభికులు. ఇక ఇందులో ఆజ్ఞ ఎక్కడుంది?

16వ శతాబ్దపు ఒట్టోమన్ ముఫ్తీ ఎబుస్సూద్ ఎఫెందీ ఫత్వాలు మరీ ముచ్చటగా ఉంటాయి. ప్రశ్నలో అసలు పేర్లుండవు: మగవాడైతే జైద్, రెండోవాడు అమ్ర్, ఆడమనిషైతే హింద్. (అరబ్బీ వ్యాకరణాల ఉదాహరణ వాక్యాల్లో పాపం ఆ జైదే అమ్ర్‌ను శతాబ్దాలుగా కొడుతున్నాడు!) జవాబు చాలాసార్లు ఒక్క తుర్కీ ముక్క: ‘ఓలుర్’, అంటే అవుతుంది, ‘ఓల్మాజ్’, అంటే అవదు.

కట్టుబడాల్సింది ఖాజీ, అంటే న్యాయమూర్తి, తీర్పుకు. ముఫ్తీ మాట నచ్చకపోతే ఇంకో ముఫ్తీని అడగవచ్చు. ఫత్వాకు చట్టబలం లేదని మన సుప్రీంకోర్టూ 2014లో చెప్పింది. 1989లో రచయిత సల్మాన్ రష్దీని చంపమన్న ఇరాన్ నేత ఖొమేనీ ఫత్వా ప్రపంచమంతా మారుమోగింది. అప్పటినుంచి మనవాళ్ల చెవికి ఫత్వా అంటే మరణశిక్షే అయి కూర్చుంది.

పార్టీ పెద్దల సంగతికొస్తే, వాళ్లు చేసేది హుకుం. అదీ అరబ్బీ నుంచి వచ్చిందే, ఎప్పుడో మనదైపోయింది. అది చేతిలో ఉండగా ఫత్వాను ఈడ్చుకురావడం దేనికి? విలేఖరులకు కాస్త ఘాటు కావాలి, అంతే. పైగా ‘జారీ’ ఒకటి! అరబ్బీలో అది పారే నీటికి చెల్లే మాట. మన ఆఫీసుల్లో పడి ఉత్తర్వులకు తోక అయింది. ఫత్వా ‘ఇచ్చారు’ అంటే సరిపోతుంది.

తెలుగు మాటే కావాలంటే ‘మతాభిప్రాయం’ అనండి. ‘ధర్మనిర్ణయం’ అంటే తప్పని కొట్టిపారేయను గానీ, నిర్ణయమనగానే అది ఖాజీ వైపు మొగ్గినట్టు నాకు వినిపిస్తుంది.