డూప్లే మీసం తీసెయ్

తమ్ముడూ,

నీ నవల మొదటి మూడు ప్రకరణాలూ చదివాను. ముందు చిన్న విషయం. పుదుచ్చేరి గవర్నరు డూప్లే మీసం మెలేస్తున్నాడని రాశావు. ఆ కాలపు ఫ్రెంచి దొరలు నున్నగా గీయించుకుని విగ్గు పెట్టుకునేవాళ్లు. మీసం మన సినిమాల్లోంచి వచ్చినట్టుంది, తీసెయ్.

అసలు సంగతి వేరే. 1746 సెప్టెంబరులో ఇంగ్లిషువాళ్ల చెన్నపట్నం ఫ్రెంచివాళ్ల చేతికి చిక్కాక డూప్లే, ఆ ఊరు గెలిచిన ఫ్రెంచి ఓడల దళపతి లా బుర్దొనే ఎదురెదురుగా నిలబడి అరుచుకున్నట్టు రాశావు. అప్పటికి డూప్లే పుదుచ్చేరిలో, లా బుర్దొనే చెన్నపట్నంలో ఉన్నారు. వాళ్ల పోట్లాటంతా ఉత్తరాల్లోనే. నీకు దొరికిన బంగారమే అది, వదులుకోకు.

ఇద్దరి చేతిలోనూ కాగితం ఉంది. మారిషస్ నుంచి ఓడలు తెచ్చిన లా బుర్దొనేకి, గెలిచిన ఊరిని ఉంచుకోవద్దని పైనుంచి ఆజ్ఞ. అందుకే 11 లక్షల వరహాలు తీసుకుని ఊరు ఇంగ్లిషువాళ్లకే తిరిగిచ్చేస్తానని ఒప్పుకున్నాడు. ఈ తీరం మీద అడుగుపెట్టినవాడు పుదుచ్చేరి మాట వినాల్సిందేనని డూప్లే వాదన. పైగా అతను ఊరిని ఆర్కాటు నవాబుకి అప్పగిస్తానని అప్పటికే మాటిచ్చి ఉన్నాడు. నిజంగా ఇచ్చే ఉద్దేశం ఉందా? నాకైతే నమ్మకం లేదు.

ఈ బేరం తెమలకముందే అక్టోబరు తుపాను వచ్చి లా బుర్దొనే ఓడల్ని ముక్కలు చేసింది. అతను వెళ్లిపోగానే ఒప్పందం చెల్లదని డూప్లే తేల్చేశాడు. లా బుర్దొనే ఇంటికెళ్లి బాస్టీల్ జైల్లో కూర్చున్నాడు, నిర్దోషి అనిపించుకుని 1753లో పోయాడు. చెన్నపట్నమా? 1748 సంధిలో మళ్లీ ఇంగ్లిషువాళ్లకే. డూప్లేని 1754లో వెనక్కి పిలిపించారు. ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీ తనకు బాకీ ఉందని దావా వేసి, అది తేలకుండానే 1763లో కన్నుమూశాడు.

వీళ్లు గవర్నర్లు మాత్రమే కాదు, సొంత సరుకు నడిపే వర్తకులు కూడా. బెంగాల్లోని చందర్‌నగర్‌లో ఉన్నప్పుడే డూప్లే సొంతంగా ఓడల వ్యాపారం చేశాడు. కాబట్టి వాళ్ల కోపం రాసేటప్పుడు పక్కన లెక్కల పుస్తకం తెరిచి ఉండాలి. నా మొదటి చారిత్రక నవలలో ఒక్క పాత్రకీ జీతమెంతో, అప్పెంతో నాకు తెలియదు. కత్తులు మాత్రం దండిగా ఉన్నాయి. ఒక ఎడిటర్ నవ్వి తిప్పి పంపాడు.

కథని దుబాసీ, అంటే దొరలకి మాటలూ బేరాలూ నడిపిపెట్టే మనవాడి అరుగు మీద నుంచి చెప్పి చూడు. డూప్లే దుబాసీ ఆనందరంగ పిళ్లై పుదుచ్చేరిలోనే ఉండి, 1736 నుంచి తమిళంలో డైరీ రాశాడు. దొర మనసు, దొరసాని మాట, బజారు ధర, అన్నీ అందులో పక్కపక్కనే ఉంటాయి. దుబాసీ పదవి కోసం మనవాళ్లు పడ్డ పోటీ కూడా.

మన గడ్డ మీద కథే కావాలంటే 1758 చూడు. ఫ్రెంచి సేనాని బుస్సీ అంటే, కొత్తగా వచ్చిన పై సేనాని లాలీకి గిట్టదు. ఉత్తర సర్కార్లలో, అంటే మన కోస్తాలో ఉన్న బుస్సీని దక్షిణానికి పిలిపించుకున్నాడు. ఆ డిసెంబరులోనే ఫ్రెంచివాళ్లు చందుర్తి యుద్ధంలో ఇంగ్లిషువాళ్ల చేతిలో ఓడారు, మరుసటి ఏప్రిల్‌లో మచిలీపట్నం పోయింది. నన్నడిగితే నీ నవలకి ఇదే సరైన చోటు, కానీ బలవంతం లేదు.

మూడో ప్రకరణం మళ్లీ రాసి పంపు. ఈసారి తుపాను రాత్రి పుదుచ్చేరిలో డూప్లే ఏ ఉత్తరం రాస్తున్నాడో చూపించు. ఓడలు మునిగిన కబురు అతనికి ఇంకా అందలేదు.

మీ అన్నయ్య