కొటేషన్ మార్కు ముందు బ్యాక్‌స్లాష్ పెడితే సరిపోతుందా?

ప్రశ్న: మా అప్లికేషన్‌లో యూజర్ టైప్ చేసిన ప్రతి కొటేషన్ మార్కు ముందూ బ్యాక్‌స్లాష్ చేరుస్తున్నాం. అయినా సెక్యూరిటీ టెస్టర్లు 'ఎన్‌కోడింగ్ వల్ల ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్‌కు (యూజర్ టైప్ చేసింది డేటాబేస్ ఆదేశంగా నడిచిపోయే దాడికి) అవకాశం ఉంది' అని రాశారు. ఎన్‌కోడింగ్ తేడా వస్తే అర్థం కాని గుర్తులు కనిపిస్తాయి, అంతేగా? హ్యాకింగ్ ఎలా సాధ్యం?
- ఒక డెవలపర్

జవాబు: వాళ్లు రాసింది నిజమే. దయచేసి ఆ రిపోర్టును పక్కన పడేయకండి.

ప్రోగ్రామ్‌కు అందేవి అక్షరాలు కావు, బైట్లు, అంటే 0 నుంచి 255 దాకా ఉండే అంకెలు. ఏ బైట్లు ఏ అక్షరమో చెప్పే పద్ధతే ఎన్‌కోడింగ్. యూటీఎఫ్-8లో మన 'అ' అంటే 224, 176, 133 అనే మూడు బైట్లు. వాటినే ఇంకో ఎన్‌కోడింగ్‌లో చదివితే వేరే గుర్తులు వస్తాయి. మీ కోడ్ ఒకలా, డేటాబేస్ ఇంకోలా చదివితే మీరు తనిఖీ చేసింది ఒకటి, అక్కడ నడిచేది మరొకటి. అసలు చిక్కంతా ఇక్కడే.

మీ సంగతే తీసుకోండి. ఎవరో 191, 39 అనే రెండు బైట్లు పంపారు. 39 అంటే సింగిల్ కొటేషన్, డేటాబేస్‌కు యూజర్ మాట ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తు. మీ ఫంక్షన్ దాని ముందు బ్యాక్‌స్లాష్, అంటే 92 పెట్టింది. 'దీన్ని ముగింపుగా కాక మామూలు గుర్తుగా చూడు' అని దానర్థం. ఇప్పుడు వరుస 191, 92, 39. డేటాబేస్ కనెక్షన్ జీబీకే అనే చైనీస్ ఎన్‌కోడింగ్‌లో ఉందనుకోండి, 191, 92 కలిసి ఒకే చైనీస్ అక్షరం అయిపోతాయి. మీరు పెట్టిన బ్యాక్‌స్లాష్‌ను ఆ అక్షరం మింగేసింది. కొటేషన్ మార్కు విడిగా మిగిలింది. ఇక దాని తర్వాత అతను రాసిందంతా డేటాబేస్‌కు ఆదేశమే!

అందుకే చేత్తో బ్యాక్‌స్లాష్‌లు చేర్చడం మానేసి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లకు (ఆదేశాన్ని, యూజర్ ఇచ్చిన డేటాను విడివిడిగా ఉంచే పద్ధతికి) మారండి. కనెక్షన్ క్యారెక్టర్ సెట్‌ను డ్రైవర్ సెట్టింగ్‌లోనే యూటీఎఫ్-8గా పెట్టండి. అందులో ఒకటికి మించి బైట్లున్న అక్షరంలో ప్రతి బైటూ 128 లేదా ఆపైనే ఉంటుంది కాబట్టి 39 గానీ 92 గానీ ఆ అక్షరం మధ్యలో దూరే వీల్లేదు. మైఎస్‌క్యూఎల్ వాడుతుంటే 'యూటీఎఫ్8ఎంబీ4' ఎంచుకోండి. పాత 'యూటీఎఫ్8' మూడు బైట్ల దాకానే తీసుకుంటుంది. స్ట్రిక్ట్ మోడ్ (సరిపడని డేటాను తిరస్కరించే సెట్టింగ్) లేకపోతే, నాలుగు బైట్ల ఎమోజీ దగ్గర వాక్యం తెగిపోయి, తర్వాతి భాగమంతా పోతుంది. తనిఖీలో పాసైన వాక్యం సగమే సేవ్ అవడం కూడా ప్రమాదమే.

అలాగని యూటీఎఫ్-8 ఉంటే టెన్షన్ లేదనుకోవద్దు. ఫోల్డర్ల పేర్లను విడదీసే స్లాష్ గుర్తుకు అందులో ఒకే బైటు, 47. దాన్నే 192, 175 అని అనవసరంగా రెండు బైట్లకు సాగదీసి పంపవచ్చు. 2000లో మైక్రోసాఫ్ట్ వారి ఐఐఎస్ వెబ్ సర్వర్‌లో బయటపడిన లోపం ఇదే. ఆ సర్వర్ ముందు పాత్‌ను (ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో చెప్పే దారిని) తనిఖీ చేసింది, తర్వాత ఆ బైట్లను డీకోడ్ చేసింది. తనిఖీలో కనిపించని స్లాష్ అప్పుడు పుట్టుకొచ్చింది. దాంతో వెబ్ ఫోల్డర్ దాటి బయటి ప్రోగ్రామ్‌లను నడపగలిగారు. 2001లో నిమ్డా వార్మ్ (తనంతట తానే కంప్యూటర్లకు పాకే హానికర ప్రోగ్రామ్) వాడుకున్న దారుల్లో ఇదొకటి. ఇలాంటి సాగదీసిన రూపాలను డీకోడ్ చేయకూడదని ప్రమాణం చెబుతోంది. మీ లైబ్రరీ పాటిస్తోందో లేదో ఈ రెండు బైట్లు పంపి మీరే చూడండి.

ప్రశ్న: పాడైన బైట్లు వస్తే వాటిని తీసేసి మిగతాది ఉంచుకోవచ్చా?
- మరో పాఠకురాలు

జవాబు: వద్దమ్మా. స్క్రిప్ట్ ట్యాగ్ (వెబ్ పేజీలో కోడ్ నడిపించే గుర్తు) కోసం వెతికే ఫిల్టర్ ఉందనుకోండి. దాడి చేసేవాడు ఆ మాట మధ్యలో ఒక చెల్లని బైటు ఇరికిస్తాడు. ఫిల్టర్‌కు ట్యాగ్ కనబడదు. తర్వాత మీరు ఆ బైటును తీసేయగానే ట్యాగ్ అతుక్కుని పూర్తవుతుంది. ఇన్‌పుట్‌ను తిప్పి పంపండి. కుదరకపోతే ఆ బైటు స్థానంలో యూనికోడ్ వారి రీప్లేస్‌మెంట్ క్యారెక్టర్ ('ఇక్కడ చదవలేని బైటు ఉంది' అని చూపే గుర్తు) పెట్టండి. డీకోడింగ్, నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేర్వేరు రూపాలను ఒకే రూపానికి తేవడం) రెండూ ముగిశాకే తనిఖీ. కొన్ని నార్మలైజేషన్ పద్ధతులు వెడల్పాటి కోణ గుర్తును ట్యాగ్ మొదలుపెట్టే మామూలు కోణ గుర్తుగా మార్చేస్తాయి.

ఈ గొడవంతా ఎందుకని కొందరు ఇంగ్లీషు అక్షరాలు తప్ప మరేవీ ఒప్పుకోని ఫారాలు తయారుచేస్తున్నారు. అది నాకు బాధ కలిగిస్తుంది. ఎవరి పేరు వాళ్లు తమ లిపిలో రాసుకోగలగాలి. మీ ఫారంలో అలాంటి ఆంక్ష ఉంటే తీసేయండి, తనిఖీ వరుసను సరిచేయండి.