వర్ణాలు వచ్చిన అమ్మాయికి కీబోర్డ్ కార్డ్స్ అంటే ఎందుకు భయం?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఎనిమిదేళ్లుగా కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది, వర్ణాలు దాటి కృతులు పాడుతోంది. సినిమా పాటలకు కీబోర్డ్ వాయించాలని దాని కోరిక. మొన్న ఒక ఆర్కెస్ట్రా రిహార్సల్‌కి వెళ్తే స్కేల్, బార్, బీపీఎం, కార్డ్ అని ఏవేవో అన్నారట. ఏమీ అర్థంకాక ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఈ క్లాసు మాన్పించి వెస్టర్న్‌లో చేర్చమంటారా? – ఒక తండ్రి, తెనాలి

జవాబు: మాన్పించకండి. అక్కడ విన్న నాలుగు మాటల్లో మూడు తనకు వేరే పేర్లతో ఎప్పుడో తెలుసు.

రిహార్సల్లో "ఏ స్కేలు?" అంటే చాలాసార్లు శ్రుతి ఏమిటనే అడుగుతున్నారు. మనం ఒకటిన్నర అనేది వాళ్లకు సీ షార్ప్, ఐదు అనేది జీ. పుస్తకంలో మాత్రం స్కేల్ అంటే స్వరాల వరస: శంకరాభరణం స్వరాలు మేజర్ స్కేల్, నటభైరవివి నేచురల్ మైనర్, కీరవాణివి హార్మోనిక్ మైనర్. గమకాలు, అంటే స్వరాన్ని ఊపి పలికే తీరు, లేకుండా అది రాగం కాదనుకోండి, ఆ తేడా మీ అమ్మాయికి ఒకరు చెప్పక్కర్లేదు.

బీపీఎం అంటే నిమిషానికి ఎన్ని దెబ్బలని. 120 అంటే ఒక్కో దెబ్బ అర సెకను. నాలుగు దెబ్బలు ఒక బార్ అయితే ఎనిమిది బార్ల ఇంటర్‌లూడ్ (పాట మధ్యలో వచ్చే వాద్యసంగీతం) 16 సెకన్లు. ఎనిమిది దెబ్బల ఆదితాళం వేసిన చేతికి ఈ లెక్క కష్టం కాదు.

నిజంగా కొత్తది కార్డ్ ఒక్కటే. మన పద్ధతిలో తంబురా మీద ఒకే స్వరధార నడుస్తుంది. కార్డ్‌లో మూడు స్వరాలు ఒకేసారి మోగుతాయి. స, అంతర గాంధారం, ప కలిపి నొక్కితే మేజర్. ఆ గాంధారాన్ని ఒక్క మెట్టు దించి సాధారణ గాంధారం చేస్తే మైనర్. అంతలోనే పాట ముఖం మారిపోతుంది.

ఈ రాత్రే ఒక పని చేయించండి. గొంతుతో షడ్జమం (స) పట్టుకుని, కీబోర్డ్ మీద మొదట స-గ-ప, తర్వాత మ-ద-స, ఆపైన ద-స-గ వాయించమనండి, అన్నీ శంకరాభరణం స్వరాలే. మూడింటిలోనూ షడ్జమం ఉంది. తను పాడే స్వరం కదలదు, కానీ దాని భావం మూడుసార్లు మారుతుంది. సినిమా పాటలో కార్డ్స్ వాయించేవాళ్లు చేసే పని ఇదే. ఇది చెవికి ఎక్కాక, తనకిష్టమైన పాటల్లో బేస్ గిటార్ ఒక్కదాన్నే వెంబడించమనండి. కార్డ్ ఎక్కడ మారిందో ఎక్కువసార్లు అదే చెబుతుంది.

చదువు విషయానికి వస్తే, ట్రినిటీ కాలేజ్ లండన్ గ్రేడ్ పరీక్షలు ఎనిమిదో గ్రేడ్ దాకా ఉన్నాయి. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) చదవడం వాటితో అలవాటవుతుంది, పాఠాలు చెప్పుకోవడానికీ ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది. రికార్డింగులో దాన్ని ఎవరూ అడగరు. "గాయనికి అందట్లేదు, అర శ్రుతి దించండి" అంటే అప్పటికప్పుడు దించి వాయించాలి. శ్రుతిని తానే మార్చేసే ట్రాన్స్‌పోజ్ బటన్ జోలికి వెళ్లకుండా నేర్చుకోమనండి. చెన్నైలో ఏ.ఆర్.రహమాన్ 2008లో మొదలుపెట్టిన కేఎం మ్యూజిక్ కన్సర్వేటరీ లాంటివి ఇంటర్ తర్వాత ఆలోచించవచ్చు, ముందు వెళ్లి చూసి, ఫీజు కనుక్కోండి. ఈ రంగంలో ఆదాయం నెలనెలా ఒకేలా రాదు కాబట్టి ఒక డిగ్రీ కూడా చేయించడమే నాకు మంచిదనిపిస్తుంది.

మళ్లీ ఆ రిహార్సల్‌కే పంపండి. ఈసారి కీబోర్డ్ వాయించే ఆయన పక్కన కూర్చుని, ఒక్క పాటకు కార్డ్స్ రాసిమ్మని అడగమనండి.