ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీత జంట డాఫ్ట్ పంక్ మొత్తం ఎన్ని ఆల్బమ్‌లు చేశారు? ఆ పేరు ఎలా వచ్చింది?

28 ఏళ్లలో స్టూడియో ఆల్బమ్‌లు నాలుగే: 'హోమ్‌వర్క్' (1997), 'డిస్కవరీ' (2001), 'హ్యూమన్ ఆఫ్టర్ ఆల్' (2005), 'రాండమ్ యాక్సెస్ మెమరీస్' (2013). ఇవి కాక రెండు లైవ్ ఆల్బమ్‌లు, 2010లో 'ట్రాన్: లెగసీ' సినిమాకి సంగీతం.

ఆ జంటలోని థామస్ బాంగాల్టర్, గీ-మాన్యుయెల్ ఇద్దరూ పారిస్‌లో ఒకే స్కూల్లో చదివారు. మొదట వాళ్లది రాక్ బ్యాండ్. దాని పాటల్ని ఒక బ్రిటిష్ పత్రిక 'డాఫ్ట్ పంకీ థ్రాష్' అంటూ తీసిపారేసింది. 'డాఫ్ట్' అంటే తిక్క అనే అర్థం. ఆ తిట్టునే 1993లో పేరుగా పెట్టుకున్నారు! మొదటి ఆల్బమ్ చాలావరకు బాంగాల్టర్ పడగ్గదిలోనే తయారైంది, అందుకే దానికి 'హోమ్‌వర్క్' అని పేరు.

చివరి ఆల్బమ్‌కి మాత్రం రూటు మార్చారు. కంప్యూటర్ శాంపిళ్లు (పాత రికార్డింగుల నుంచి తీసుకునే ముక్కలు) తగ్గించి, నిజమైన డ్రమ్మర్లని, గిటారిస్టులని కూర్చోబెట్టి వాయింపజేశారు. ఇటలీకి చెందిన డిస్కో సంగీత నిర్మాత జోర్జియో మోరోడర్ తన కథ చెప్పే పాట కోసం ఆయన ముందు వేర్వేరు కాలాల మైకులు పెట్టారట. మామూలు చెవికి తేడా తెలుస్తుందా అంటే, నాకైతే తెలియలేదు. ఆ ఆల్బమ్‌కే 2014లో 'ఆల్బమ్ ఆఫ్ ది ఇయర్' గ్రామీ వచ్చింది.

2021 ఫిబ్రవరి 22న ఒక వీడియో పెట్టి విడిపోయారు. కొత్తగా వినేవాళ్లు 'డిస్కవరీ'తో మొదలుపెట్టండి.