యాక్సిల్ ఆఖర్న కొనుక్కో అల్లుడూ

ఒంగోలు

అల్లుడూ,

నీ మెసేజ్ చూశాను. విజయవాడ ఆటోనగర్‌లో మిలిటరీ వేలం సరుకు, నీ థార్‌కి వేయడానికి మహీంద్రా పాత జీపు ఎమ్ఎమ్ 540 ముందు యాక్సిల్ చవగ్గా దొరికిందనీ, శనివారం లోపల అడ్వాన్స్ కట్టకపోతే ఎవరో ఎత్తుకుపోతారనీ రాశావు. ఎత్తుకుపోనీ. ఇనుముకి కరువొచ్చిన ఊరు కాదది. అడ్వాన్స్ మాత్రం కట్టకు.

నీ మెసేజ్‌లో ధర ఉంది, ఫొటోలు ఆరున్నాయి. ఆ యాక్సిల్ రేషియో, అంటే చక్రం ఒక చుట్టు తిరగడానికి షాఫ్టు ఎన్ని చుట్లు తిరగాలో, లేదు. డిఫరెన్షియల్, ఆ పళ్ల చక్రాలుండే గుండ్రటి డబ్బా, కుడి పక్కకుందో ఎడమ పక్కకుందో లేదు. హబ్బుకి హబ్బుకి మధ్య కొలత లేదు. ఇంకా ముఖ్యంగా, నీ దగ్గర మొత్తం ఎంత డబ్బుందో లేదు. పెళ్లిచూపులకు పోకముందే మంగళసూత్రం చేయించినట్టుంది నీ వ్యవహారం.

నువ్వు సాలిడ్ యాక్సిల్, రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి ఉండేది, ఎందుకు అడుగుతున్నావో నాకు తెలియక కాదు. నీ థార్ సీఆర్‌డీఈకి ముందు చక్రాలు దేనికది ఊగుతాయి, టార్షన్ బార్ మీద, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీ మీద. రోడ్డుకి అది హాయి. గుంటల్లో దిగితే ఒక చక్రం గాల్లో తిరుగుతుంటుంది. ఎత్తు కోసం టార్షన్ బార్ బిగించావంటే చక్రం కిందికి జారే దూరం ఇంకా తగ్గి, చక్రానికి తిరుగుడు అందించే సీవీ జాయింట్లు వంకరగా తిరిగి, వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. అదే సాలిడ్ అయితే ఒక చక్రం రాయెక్కినప్పుడు రెండోదాన్ని నేలకేసి నొక్కుతుంది. విరిగినా ఏ ఊళ్లోనైనా బాగు చేసుకోవచ్చు. ఇదంతా నిజమే. కానీ వారం వారం మీ అమ్మని కూర్చోబెట్టుకుని హైవే మీద నెల్లూరు నుంచి ఒంగోలు వచ్చే బండి అదొక్కటే అయితే, దాన్ని కోయకు. పాత ఎమ్ఎమ్ 540 జీపో, జిప్సీయో కొనుక్కో. రెంటికీ ముందూ వెనకా కంపెనీ నుంచే సాలిడ్ యాక్సిళ్లు, కమాన్ కట్టలు (పట్టీల స్ప్రింగులు). అంతా ఆలోచించుకున్నాక కూడా కోసే తీరాలంటే మిగతాది చదువు.

2009లో చీమకుర్తి క్వారీ షెడ్డులో ఉన్నప్పుడు ఒక యజమాని బండికి మొదటిసారి ఈ పని చేశాను. నలభై వేలు అవుతుందని నోటితో చెప్పాను, కాగితం మీద పెట్టలేదు. అయ్యాక రాసుకున్న లెక్క ఇంకా నా పాత డైరీలో ఉంది. యాక్సిల్ 22,000. దానికి బేరింగులు, సీళ్లు, కింగ్ పిన్‌లు 9,500. కమాన్ కట్టలు, బుష్‌లు, షాకిళ్లు, షాకబ్జర్లు 14,000. స్టీరింగ్ బాక్సు, రాడ్లు 16,500. షాఫ్టులు, క్రాస్‌లు, బ్యాలెన్సింగ్ 8,000. బ్రేకులు 6,500. లేత్, వెల్డింగ్ కూలి 12,000. చేసిన వెల్డింగ్ కోసి మళ్లీ చేసినందుకు 4,500. బస్సు చార్జీలు, ఆయిల్, నట్లు, టీలు కలిపి 3,000. మొత్తం 96,000. ఆ రేట్లు ఇప్పుడు పనికిరావు. వాటి మధ్య నిష్పత్తి చూడు. యాక్సిల్ ధరకి నాలుగింతల పైన తేలింది. టైర్లు ఇందులో లేవు. తర్వాత నేను చేసిన బండ్లన్నిట్లోనూ దగ్గర దగ్గర ఇదే వరస. కాబట్టి యాక్సిల్‌కి ఎంత పెడతావో దానికి నాలుగింతలు పక్కన పెట్టుకో, దాని మీద ఇంకో పావు వంతు వేరే ఉంచు. లేకపోతే ఏమవుతుందో చెప్తా విను. యాక్సిల్ కొంటావు, కట్టలు కొంటావు, బండి స్టాండ్ల మీద లేస్తుంది, చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటుంది. అక్కడ డబ్బు అయిపోతుంది. మిగిలేవి స్టీరింగ్, బ్రేకు. ‘ఇప్పటికి ఏదో ఒకటి సర్దేద్దాం’ అనే మాట ఆ రెండింటి దగ్గరే పుడుతుంది.

అందుకే లెక్క టైరు దగ్గర మొదలుపెట్టు. ఇప్పుడు నీకున్నవి 245/75 ఆర్16, అంటే ముప్ఫైన్నర అంగుళాల ఎత్తు. నువ్వు కావాలంటున్నవి 285/75 ఆర్16, దాదాపు ముప్ఫైమూడు. టైరు పెద్దదైతే ఇంజిన్‌కి లాగుడు తగ్గుతుంది, ఆ తగ్గింది రేషియోలో రాబట్టుకోవాలి. నీ వెనక రేషియో 4.3 అనుకో. కొత్త టైరుతో పాత లాగుడు రావాలంటే 4.63 కావాలి. దానికి దగ్గర్లో బజార్లో దొరికేది 4.88. పాత జీపుల్లో వచ్చే 5.38 వేశావంటే గుట్టలెక్కడానికి బాగుంటుంది గానీ, హైవే మీద అదే స్పీడుకి ఇంజిన్ ఇప్పటికన్నా నూటికి పదహారు వంతులు ఎక్కువ అరుస్తుంది. కావలి దాటకముందే మీ అమ్మ దిగిపోతానంటుంది.

రేషియో ఎంత అని అమ్మేవాణ్ణి అడగొద్దు. మూత విప్పించి పళ్లు లెక్కపెట్టు. క్రౌన్, అంటే పెద్ద పళ్ల చక్రం మీద ఒక పంటికి సుద్దముక్కతో గీత పెట్టి చుట్టూ తిప్పుతూ లెక్కించు. క్రౌన్‌కి 43, దాన్ని తిప్పే చిన్న పినియన్‌కి 8 ఉంటే 5.38. 39కి 8 అయితే 4.88. 47కి 11 అయితే 4.27. వెనకది కూడా ఇలాగే చూడు. ముందూ వెనకా ఒకటే ఉండాలి. తేడా ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు ఒక స్పీడు, వెనక చక్రాలు ఒక స్పీడు కోరుకుంటాయి. ఇసకలో జారి సర్దుకుంటాయి, గట్టి నేల మీద ముందుకీ వెనక్కీ శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ పగులుతుంది. తేడా ఉంటే ఒక పక్క క్రౌన్ పినియన్ మార్చాలి, ఆ ఖర్చుతో నీ చవక బేరం చవక కాకుండా పోతుంది. మార్చేటప్పుడు పళ్లు ఎక్కడ ఆనుతున్నాయో చూసుకోవాలి. మా పాత మేస్త్రి ఆంజనేయస్వామికి పూసే సిందూరం నూనెలో కలిపి పళ్లకు రాసి తిప్పేవాడు. సిందూరం పంటి నడిమధ్యన చెరిగితే సరిగ్గా కూర్చున్నట్టు. కొసన చెరిగితే విప్పి షిమ్ములు (పల్చటి రేకు బిళ్లలు) మార్చడమే. ఆ పని తెలిసిన మనిషి ఎవరో ముందు చూసుకో, తర్వాతే సామాను.

డిఫరెన్షియల్ ఏ పక్కన ఉందో ఎందుకు అడిగానంటే, నీ ట్రాన్స్‌ఫర్ కేస్ నుంచి ముందుకొచ్చే షాఫ్టు ఏ పక్కన ఉందో ఇదీ అదే పక్కన ఉండాలి. లేకపోతే షాఫ్టు ఇంజిన్ కింద అడ్డంగా పోవాలి, అది కుదరదు. బండి కిందకి దూరి ఫొటో తీస్తే తేలిపోయే విషయం. దానికి రూపాయి ఖర్చు లేదు. వీల్ స్టడ్లు, వాటి పీసీడీ (స్టడ్ల వలయం వ్యాసం) కూడా వెనకదానితో కలవాలి, లేదంటే రెండు స్టెప్నీలు మోయాలి. జిప్సీ యాక్సిల్ చవక కదా అని అటు చూడకు. జిప్సీ టన్ను దరిదాపు బండి, నీది దానికి ఒకటిన్నర రెట్లు పైనే.

ఇక కొలతలు. ఏదీ విప్పకముందు చెయ్యాల్సిన పని ఇది. బండిని సమంగా ఉన్న గచ్చు మీద నిలబెట్టు. తాపీ మేస్త్రి గుండు దారం ఒకటి తెచ్చుకో. ముందు హబ్బు నడిమి నుంచి గుండు వదిలి, అది తాకిన చోట గచ్చు మీద గుర్తు పెట్టు. వెనక హబ్బుకీ అంతే. రెండో పక్కా అంతే. నాలుగు గుర్తులకి ఐమూలగా దారం లాగి కొలువు, రెండు ఐమూలలూ సమానంగా రావాలి. చాసిస్ మీద కదలని నాలుగు బోల్టుల కింద కూడా ఇలాగే గుర్తులు దించు. రేపు పాత సామాను అంతా కోసి అవతల పడేశాక, కొత్త యాక్సిల్ ఎక్కడ కూర్చోవాలో చెప్పేది ఆ గచ్చు ఒక్కటే. నేను ఆ గుర్తులు సుద్దతో పెట్టి ఊరుకున్నాను, సాయంత్రం ఊడ్చే ఆవిడ నీళ్లు కొట్టి శుభ్రంగా కడిగేసింది. ఆవిడ తప్పేముంది. నువ్వు పెయింటు చుక్కలు పెట్టు.

ఆ డైరీలో కోసి మళ్లీ చేసిన 4,500 సంగతి. బండి స్టాండ్ల మీద ఉండగానే కట్టలు కూర్చునే సీట్లు యాక్సిల్‌కి పూర్తిగా వెల్డింగ్ కొట్టేశాను. కిందికి దించగానే బరువుకి కట్టలు అణిగాయి, యాక్సిల్ వాలు మారిపోయింది. సైకిల్ ముందు ఫోర్కు చూడు, పైకొస వెనక్కి, కింది కొస ముందుకి వాలి ఉంటుంది. చేతులు వదిలినా తిన్నగా పోవడానికి అదీ ఒక కారణం. కారులో ఆ వాలునే క్యాస్టర్ అంటారు, నాలుగు నుంచి ఆరు డిగ్రీలు ఉండాలి. నేను చేసిన ఆ బండికి అది దాదాపు సున్నా. స్టీరింగ్ తిప్పితే తిప్పిన చోటే ఉండేది, ఒంగోలు వచ్చేలోపల చేతులు పడిపోయాయి. కాబట్టి నువ్వు చుక్క వెల్డింగుతో ఆపు. ఇంజిన్, బంపర్, ఉంటే వించ్ (తాడుతో లాగే యంత్రం), మొత్తం బరువుతో బండిని టైర్ల మీదకి దించు, కొంచెం ఊపు, వాలు కొలువు, అప్పుడు పూర్తిగా కొట్టించు. అదీ ఒకేసారి కాదు, అంగుళం అటు, అంగుళం ఇటు, చల్లారనిచ్చి. లేకపోతే వేడికి గొట్టం వంగుతుంది.

కాయిల్ స్ప్రింగులు పెడతానన్నావు. మొదటిసారికి వద్దు. వాటికి యాక్సిల్‌ని పట్టి ఉంచడానికి లింకులు, ట్రాక్ బార్, వాటి బ్రాకెట్లు, వాటి కోణాలు. కమాన్ కట్టే యాక్సిల్‌ని పట్టుకుంటుంది, అదే మోస్తుంది.

స్టీరింగ్ దగ్గర పిసినారితనం చెయ్యకు. నీకున్నది ర్యాక్ స్టీరింగ్, అది కిందా మీదా అయ్యే యాక్సిల్‌తో పనిచెయ్యదు. పవర్ స్టీరింగ్ బాక్సు కావాలి. ఆ బాక్సు బిగించే చోట చాసిస్ లోపల స్లీవులు వేయించి, బయట ప్లేటు కొట్టించు. ఉత్త చాసిస్ రేకుకి బిగిస్తే బోల్టు రంధ్రాలు కోడిగుడ్డులా సాగి, పక్కనుంచి పగులు మొదలవుతుంది. ఎవరైనా పాత రాడ్డు మధ్యలో ముక్క వెల్డింగ్ చేసి పొడుగు చేస్తానంటే, నమస్కారం పెట్టి లేచి వచ్చేయ్.

బ్రేకు గురించి చెప్తే మీ అత్త ఇప్పటికీ నన్ను తిడుతుంది. అదే బండి, రామతీర్థం దగ్గర వాలులో ఎడమ చక్రం గుంటలోకి పూర్తిగా జారింది. బ్రేకు ఆయిల్ పోయే పాత హోస్ పైపే ఉంచాను, దాని పొడుగు చాలలేదు. టప్పున తెగింది. పెడల్ తొక్కితే పలక నేలకి తగిలింది. గ్రానైట్ పొడి కుప్ప ఎదురొచ్చింది కాబట్టి ఆగాను. నీ బండి పూర్తయ్యాక జేసీబీతో ముందు భాగం ఎత్తించు, చక్రాలు ఎంత కిందికి వేలాడతాయో అంతా వేలాడనీ. అటూ ఇటూ స్టీరింగ్ చివరికంటా తిప్పు. హోస్ ఎక్కడా బిగుసుకోకూడదు, షాఫ్టు స్లీవులోంచి బయటికి రాకూడదు. తర్వాత ఒక్కో చక్రం కింద దిమ్మె పెట్టి పూర్తిగా నొక్కి చూడు, యాక్సిల్ ఇంజిన్ చాంబర్‌కి (కింది ఆయిల్ తొట్టికి) తగలకముందే రబ్బరు స్టాపర్ తగలాలి.

నీకు నచ్చని మాట ఒకటి. ఆర్‌సీలో ఉన్న వివరాలకు తేడా వచ్చేలా బండి మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ ఏడు సవరణతో ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా ఉండొచ్చు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ వాళ్లకి క్లెయిమ్ ఎగ్గొట్టడానికి దారి నువ్వే ఇచ్చినట్టు. కాబట్టి ముందే ఆర్టీవో ఆఫీసులో రాతపూర్వకంగా అడుగు. కుదరదంటే అది రోడ్డు బండి కాదు, సొంత పొలంలోనో, అనుమతిచ్చిన క్వారీలోనో తోలుకునే బండి. అక్కడికి లారీ మీద ఎక్కించుకుపోవాలి, ఆ కిరాయి కూడా లెక్కలో రాయి. ఉదయగిరి వైపు వెలిగొండల్లోకి పోదామని కలలు కనకు. ఎర్రచందనం ఉన్న రిజర్వు ఫారెస్టుల్లో ఎత్తు బండి, పెద్ద టైర్లు, రాత్రి లైట్లు కనిపిస్తే చెక్‌పోస్టులో నీ సరదా సంగతి ఎవడూ వినడు.

ఆదివారం రా. టేపు, గుండు దారం, చిన్న పెయింటు డబ్బా నా దగ్గరున్నాయి. మీ అత్త చేపల పులుసు పెడతానంది. వచ్చేముందు బండి కిందకి దూరి ట్రాన్స్‌ఫర్ కేస్ ఫొటో ఒకటి తీసి పంపు, ముందు షాఫ్టు ఏ పక్కనుందో కనిపించేలా. అడ్వాన్స్ ఇప్పటికే కట్టేసి ఉంటే, ఎంత కట్టావో ఈరోజే చెప్పు. ఆటోనగర్‌లో నాకు తెలిసినవాళ్లు ఒకరిద్దరున్నారు, పళ్లు లెక్కపెట్టించి రమ్మంటాను.

మీ మామ